ఒకే పరుపు, ఎవరి దుప్పటి వారిది

ప్రశ్న: మావారు ఈ మధ్యే ఉద్యోగ విరమణ చేశారు. పాత వ్యాను ఒకటి కొని, వెనక సీట్లు తీయించి, పడుకోవడానికి ప్లైవుడ్ బల్ల బిగించుకున్నాము. బల్ల పొడవు 6 అడుగుల 2 అంగుళాలు, వెడల్పు 48 అంగుళాలు. చక్రాల గూళ్ళు ఉన్న చోట మాత్రం 43 అంగుళాలే మిగిలింది. ఆయన ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు, బరువు 88 కిలోలు. నేను 54 కిలోలు. ఆయనకు ఎప్పుడూ ఉక్క, నాకు ఎప్పుడూ చలి. మొన్న డిసెంబరులో అరకు వెళ్ళి, ఇంట్లోని డబుల్ కాట్ రజాయి కప్పుకుని పడుకుంటే, ఆయన చెమట పట్టి దాన్ని తన్నేశారు, నేను తెల్లవార్లూ వణికాను. పొద్దున్న పరుపు ఎత్తి చూస్తే అడుగు తడిగా ఉంది. మా అబ్బాయి ఇద్దరికీ కలిపి ఒకటే పెద్ద స్లీపింగ్ బ్యాగు కొనుక్కోమంటున్నాడు. వేరు వేరు దుప్పట్లు తీసుకుందామని నేనంటే మావారు చిన్నబుచ్చుకుంటున్నారు. భీమిలి తీరానికీ లంబసింగి చలికీ కూడా పనికొచ్చే పడక కావాలి. వచ్చే ఏడాది హిమాచల్ దాకా వెళ్ళాలన్న కోరిక కూడా ఉంది. ఏం కొనుక్కుంటే మంచిది?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, నమస్కారం. మీరు రాసిన కొలతలూ బరువులూ చూశాక నాకు కలిగిన అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరుపు ఇద్దరికీ ఒకటే ఉండాలి, కప్పుకునేవి మాత్రం ఎవరివి వారికి ఉండాలి. మీ వారు నొచ్చుకోకుండా ఈ ఏర్పాటు ఎలా చేసుకోవాలో కూడా రాస్తాను, ఎందుకంటే ఆ నొప్పి మా ఇంట్లోనూ ఒకప్పుడు ఉన్నదే.

మా ఆవిడా నేనూ వ్యానులో తిరగడం మొదలుపెట్టిన తొలి శీతాకాలం అనంతగిరి దాటి ఒక కాఫీ తోట పక్కన బండి ఆపుకుని, మీలాగే ఒకే పెద్ద రజాయి కప్పుకుని పడుకున్నాము. రాత్రి మూడు గంటల వేళ మెలకువ వచ్చేసరికి రజాయి అంచు మా ఆవిడ గుప్పిట్లో బిగించి ఉంది, నా వీపు మాత్రం బయట ఉంది. సరిచేద్దామని కాస్త ఎత్తానో లేదో, ఇద్దరి భుజాల మధ్య ఉన్న సందులోంచి చల్లగాలి నేరుగా లోపలికి దిగి, అప్పటిదాకా వెచ్చగా ఉన్న ఆవిడ కూడా లేచి కూర్చుంది. అంతలో పైకప్పు రేకు మీద చేరిన నీటి బొట్టు ఒకటి సరిగ్గా నా నుదుటి మీద పడింది. ఆ రాత్రి మిగతా భాగం ముందు సీట్లలో కూర్చుని ఫ్లాస్కులోని టీ తాగుతూ గడిపాము. ఆ నీటి బొట్టు సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ సందు సంగతి చూద్దాము.

ఇద్దరు మనుషులు ఒకే దుప్పటి కింద పడుకున్నప్పుడు అది ఇద్దరి భుజాల మీదా గుడారంలా లేచి నిలబడుతుంది. మధ్యలో మెడల దగ్గర ఒక గొట్టంలాంటి ఖాళీ ఏర్పడుతుంది. ఇద్దరిలో ఒకరి ఒళ్ళు పెద్దదైతే ఆ ఖాళీ ఇంకా పెద్దదవుతుంది. ఒకరు పక్కకు తిరిగినప్పుడల్లా లోపలి వెచ్చని గాలి బయటికి పోయి, బయటి చల్లగాలి లోపలికి వస్తుంది. ఇంట్లోనైతే గది వెడల్పు, మంచం వెడల్పు ఉంటాయి కాబట్టి ఇది అంతగా తెలియదు. మీ బల్ల మీద మనిషికి వచ్చేది 24 అంగుళాలు, అంటే రైలు బెర్తుకు అటూఇటూగా ఉండే వెడల్పు. అంత దగ్గరగా పడుకున్నప్పుడు ఒకరి కదలిక రెండోవారి నిద్ర చెడగొడుతుంది. దానికి తోడు ఒక దుప్పటికి ఉండేది ఒకటే మందం. ఉక్కపోసే మనిషికీ చలివేసే మనిషికీ ఒకే మందం సరిపోవాలంటే ఇద్దరిలో ఎవరో ఒకరు రాత్రంతా ఓర్చుకోవాలి. మీ ఇంట్లో ఆ ఓర్చుకునే పని మీ మీద పడిందని మీ ఉత్తరమే చెబుతోంది.

నిజానికి ఒకే పెద్ద దుప్పటి మన ఇళ్ళలో పాత అలవాటేమీ కాదు. మన పెద్దవాళ్ళ ఇళ్ళలో ఎవరి దుప్పటి వారిది, ఎవరి బొంత వారిది. పొద్దున్న ఎవరిది వారు మడిచి పెట్టెల మీద పెట్టుకునేవారు. హోటళ్ళు, పెళ్ళి కానుకల డబుల్ కాట్ సెట్లు వచ్చాక ఈ జంట రజాయి మనకు అలవాటైంది. ఎముకలు కొరికే చలి ఉండే స్వీడన్, డెన్మార్క్, జర్మనీ వంటి దేశాల్లో కూడా భార్యాభర్తలు ఒకే మంచం మీద వేరు వేరు రజాయిలు కప్పుకోవడం చాలా మామూలు. వాళ్ళ కాపురాలకు దానివల్ల వచ్చిన లోటేమీ లేదు. ఈ మాట మీ వారికి చదివి వినిపించండి.

అయినా ఆయన మనసులో ఉన్నది దుప్పటి మందం కాదని నాకు తెలుసు. అందుకు మేము కనిపెట్టిన ఉపాయం ఇది: లోపల ఎవరి దుప్పట్లు వారివి, అన్నిటి పైనా ఇద్దరినీ కలిపి కప్పే ఒక పల్చని, వెడల్పైన నేత దుప్పటి. దీన్ని 90 అంగుళాల వెడల్పుకు తగ్గకుండా తీసుకుని రెండు అంచులూ పరుపు కిందికి దోపితే అది భుజాల మధ్య సందును మూసేస్తుంది, లోపలి దుప్పట్లు జారిపోకుండా పట్టి ఉంచుతుంది. ఉక్క వేసినప్పుడు ఆయన తన లోపలి దుప్పటి తీసేసి ఈ పైదాని కిందే ఉండవచ్చు. మీ బొంత మీ మీదే ఉంటుంది. ఇద్దరూ ఒకే దుప్పటి కిందే పడుకున్నట్టు లెక్క. మా ఇంట్లో ఈ లెక్క కుదిరింది.

ఇక ఏ గుడ్డ ఎక్కడికి అన్నది. తీరం మీద పడుకునే రాత్రులకు మీకు కావలసింది చాలా తక్కువ. నడివేసవిలో విశాఖలో రాత్రి వేడి సాధారణంగా 27, 28 డిగ్రీల కంటే దిగదు, గాలిలో తేమ ఎక్కువ. అలాంటప్పుడు మనిషికొక పల్చని నూలు దుప్పటి, నాలుగేళ్ళు ఉతికి మెత్తబడిన పంచె అయినా సరే, చాలు. మిగతా పని 12 వోల్టుల చిన్న ఫ్యాను చేస్తుంది. పాలిస్టరు కలిసిన గుడ్డ ఆ ఉక్కలో ఒంటికి అంటుకుంటుంది కాబట్టి అది ఎంత అందంగా ఉన్నా కొనవద్దు. రుషికొండ, యారాడ వంటి చోట్ల సముద్రపు గాలితో వచ్చే ఉప్పు గుడ్డ మీద చేరుతుంది. ఉప్పు గాలిలోని తేమను పీలుస్తుంది కనుక, ఉప్పు పట్టిన దుప్పటి ఎండలో వేసినా సాయంత్రానికి మళ్ళీ జిగటగా అవుతుంది. రెండు మూడు రాత్రులు తీరం మీద ఉన్నాక మంచినీళ్ళలో జాడించక తప్పదు. ఇదే కారణంతో పరుపు కవర్లకు ఇనుప జిప్పు వద్దు, ప్లాస్టిక్ జిప్పు వేయించండి. ఇనుపది ఒక్క వానాకాలానికే తుప్పు పట్టి గుడ్డకు మరకలు అంటిస్తుంది.

అరకు, లంబసింగి వేరే లోకం. సముద్రమట్టం నుంచి వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. అరకు రైలు దారిలో ఉన్న శిమిలిగుడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉన్నది కాబట్టి ఎత్తు ఒక్కదానివల్లనే అక్కడ విశాఖ కంటే ఆరు డిగ్రీలు తక్కువ ఉండాలి. దానికి మబ్బులేని శీతాకాలపు రాత్రి, లోయలోకి దిగి నిలిచిపోయే చల్లగాలి తోడైతే ఆ తేడా రెట్టింపు కూడా అవుతుంది. లంబసింగికి కొర్రబయలు అనే పేరు ఊరికే రాలేదు. బయట ఉన్నవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని అక్కడివాళ్ళు దానికి అర్థం చెబుతారు. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ తెల్లవారుజాము వేడి ఒక అంకెలోకి పడిపోవడం మామూలే. పైగా వ్యాను రేకు గోడ ఇటుక గోడలా వేడిని దాచుకోదు, పొద్దుపోయిన గంటలోనే బయటి చలి లోపలికి వచ్చేస్తుంది.

అటువంటి రాత్రికి మీకు నేను చెప్పేది పాత నూలు చీరలతో కుట్టిన బొంత, దాని మీద ఒక ఉన్ని కంబళి. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకుని కూడా చేతికి తడిగా తగలదు, వెచ్చదనం పోగొట్టుకోదు. మూసిన వ్యానులో, ఇద్దరి ఊపిరి నిండిన గాలిలో, ఈ గుణానికి విలువ ఎక్కువ. పక్షి ఈకలు కూరిన ఖరీదైన రజాయి దీనికి సరిగ్గా వ్యతిరేకం. పొడి చలిలో దానంత తేలికైనదీ వెచ్చనిదీ ఇంకొకటి లేదు కానీ, తేమ తగిలితే ఈకలు ఉండలు కట్టి చప్పబడిపోతుంది. మన తూర్పు కనుమల మంచులోనూ భీమిలి గాలిలోనూ దాన్ని పొడిగా ఉంచుకోవడం ఒక వ్రతం. అంత శ్రమ వద్దనుకుంటే కృత్రిమ దూది కూరిన సింగిల్ రజాయి తీసుకోండి. అది తడిసినా త్వరగా ఆరుతుంది. మీ వారికి ఒక సోలాపూర్ దుప్పటి చాలు, మరీ చలిగా ఉంటే రెండు మడతలు వేసుకుంటారు. (ఆ దుప్పట్లు మహారాష్ట్రవన్న మాటే గానీ, వాటిని నేసే మగ్గాల వెనక తరతరాలుగా మన తెలుగు పద్మశాలీలు ఎందరో ఉన్నారు.) కొలత విషయంలో ఇద్దరికీ 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్న సింగిల్ కొలతే తీసుకోండి. మీ 48 అంగుళాల బల్ల మీద రెండు దుప్పట్లూ మధ్యలో ఒకదాని మీద ఒకటి పడతాయి కనుక నడుమ సందు ఉండదు. మేజోళ్ళూ మంకీ క్యాపూ అరకు వెళ్ళే ప్రతి ఉత్తరాంధ్ర కుటుంబం సంచిలో ఉండేవే కాబట్టి వాటి గురించి వేరే చెప్పనవసరం లేదు. తల, పాదాలు వెచ్చగా ఉంటే ఒక కంబళి తగ్గించుకోవచ్చునని మాత్రం గుర్తుంచుకోండి.

మీ అబ్బాయి చెప్పిన జంట స్లీపింగ్ బ్యాగు గురించి. అబ్బాయి ప్రేమతోనే చెప్పాడు, కానీ ఈ ప్రయాణాలకు అది తగదని నా ఉద్దేశం. భీమిలిలో దాన్ని విప్పి పరుచుకోవడానికి తప్ప వాడలేరు. అరకులో రజాయికి వచ్చిన తంటాయే దానికీ వస్తుంది, ఎందుకంటే భుజాల మధ్య సందు దానిలోనూ ఉంటుంది, మందం ఇద్దరికీ ఒకటే. పైగా సంచిలో మన ఒంటి కింద నలిగిన దూది వెచ్చదనాన్ని ఆపలేదు, కాబట్టి కింది సగానికి పెట్టిన డబ్బు వృథా. మీకు మంచి పరుపు ఉండగా ఆ పని పరుపే చేస్తుంది. హిమాచల్ ప్రయాణం నిజంగా ఖాయమైతే అప్పుడు రెండు వేరు వేరు సంచులు కొనుక్కోండి. ఒకటి ఎడమ వైపు జిప్పు ఉన్నది, ఇంకొకటి కుడి వైపు జిప్పు ఉన్నది ఒకే కంపెనీ, ఒకే రకం తీసుకుంటే కావాలన్నప్పుడు రెండూ కలిపి ఒకటి చేసుకోవచ్చు, వద్దన్నప్పుడు విడదీసుకోవచ్చు. వాటి చీటీ మీద సాధారణంగా రెండు ఉష్ణోగ్రతలు ఉంటాయి. మొదటిది హాయిగా నిద్రపోగలిగే హద్దు, దాన్ని స్త్రీల శరీరాన్ని బట్టి లెక్కిస్తారు. రెండోది ముడుచుకుని ఓర్చుకోగలిగే హద్దు, దాన్ని పురుషుల శరీరాన్ని బట్టి లెక్కిస్తారు. అమ్మేవారు పెద్ద అక్షరాలతో చూపేది రెండోదాన్నే. మీరు మొదటిదాన్ని చూసి కొనండి, అందులోనూ ఐదు డిగ్రీలు వెసులుబాటు ఉండేలా.

ఇప్పుడు పరుపు. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది దుప్పటి కాదు, పరుపు అడుగున కనబడిన ఆ తడి. మనిషి ఒంటి నుంచి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా తెలియకుండానే రోజుకు సుమారు 800 మిల్లీలీటర్ల నీరు ఆవిరవుతుంది. రాత్రి ఎనిమిది గంటలకు అందులో మూడో వంతు వేసుకున్నా ఇద్దరికీ కలిపి అర లీటరు దాటుతుంది. మీ వారి చెమట దీనికి అదనం. ఈ ఆవిరిలో ఒక భాగం నా నుదుటి మీద పడినట్టు పైకప్పుకు చేరి బొట్లవుతుంది. ఇంకో భాగం పరుపులోంచి కిందికి దిగి, చల్లబడి ఉన్న ప్లైవుడ్‌ను తాకి అక్కడే నీరవుతుంది. పొద్దున్నే దాన్ని అలాగే వదిలి పరుపు ఎత్తి ఆరబెట్టకుండా ప్రయాణం సాగిస్తే వారం తిరక్కముందే నల్లని బూజు చుక్కలు వస్తాయి, ఆ వాసన ఇక పోదు. అందుకని కొత్త పరుపు కొనేముందు వడ్రంగిని పిలిపించి ఆ ప్లైవుడ్ బల్ల తీయించి, రెండంగుళాల ఎడంతో సన్నని చెక్క రీపర్లు కొట్టించండి. బల్ల మార్చడం కుదరకపోతే దానికి అరచేతి దూరంలో ఒకటి చొప్పున పెద్ద రంధ్రాలు తొలిపించి, పైన పలుచని కొబ్బరి పీచు చాప పరిచి, దాని మీద పరుపు వేసుకోండి. చాలామంది పరుపు అడుగు కవరు రెక్సిన్‌తో కుట్టిస్తారు, మట్టి పట్టదని. మట్టి పట్టదు నిజమే, ఆవిరి కూడా బయటికి పోదు. అడుగున కూడా మందపాటి నూలు గుడ్డే ఉండాలి.

మీ ఇద్దరి బరువులకు 34 కిలోల తేడా ఉంది. ఒకే రకం మెత్తని ఫోమ్ వేస్తే ఆయన వైపు గుంట పడుతుంది, మీరు రాత్రంతా ఆ పల్లంలోకి జారుతూ ఉంటారు. ఇంట్లో 72 అంగుళాల మంచం మీద ఇది తెలియదు గానీ 48 అంగుళాల్లో బాగా తెలుస్తుంది. దీనికి విరుగుడు పరుపును నిలువునా రెండు సగాలుగా కట్ చేయించడం. ఆయన సగానికి మూడంగుళాల రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కలను కలిపి అదిమి చేసే గట్టి రకం), మీ సగానికి మూడంగుళాల 40 డెన్సిటీ ఫోమ్ వేసి, రెండింటినీ కలిపి పైన అంగుళం మందాన మెత్తని ఫోమ్ ఒకే ముక్కగా పరచి, అంతటికీ కలిపి ఒకే గలేబు కుట్టించాలి. పైన ఆ అంగుళం ఉండటం వల్ల నడుమ అతుకు ఒంటికి తగలదు, కింద ఎవరి గట్టితనం వారిది. మొత్తం సుమారు 14 కిలోలే ఉంటుంది కాబట్టి ఇద్దరూ చెరో వైపు పట్టుకుని బయటికి దింపి గాలికి వేయగలరు. అదే మొత్తం రీబాండెడ్‌తో చేయిస్తే 20 కిలోలు దాటుతుంది, రోజూ ఎత్తడం మానేస్తారు, అప్పుడు బూజు మొదలవుతుంది. మెమరీ ఫోమ్ మాత్రం వ్యానుకు వద్దు. అది చలికి చెక్కలా గట్టిపడి, ఎండకు పిండిలా మెత్తబడుతుంది, భీమిలిలో ఒక పరుపు, లంబసింగిలో ఇంకో పరుపు అన్నట్టు ఉంటుంది. రబ్బరు పాలతో చేసే లేటెక్స్ పరుపు హాయిగానే ఉంటుంది కానీ బరువెక్కువ, నేరుగా ఎండలో వేస్తే పాడైపోతుంది. వ్యాను పరుపుకు ఎండే మందు కాబట్టి ఆ రెండింటికీ పొత్తు కుదరదు.

డెన్సిటీ అన్న మాట దగ్గర ఒక నిమిషం ఆగాలి. డెన్సిటీ అంటే గట్టితనం కాదు, బరువు. ఒక ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగితే దాన్ని 40 డెన్సిటీ అంటారు. బరువు ఎక్కువ ఉన్న ఫోమ్ త్వరగా గుంట పడదు, అంతే. ఒక దుకాణంలో నాకు 40 అని చెప్పి అంటగట్టిన ఫోమ్ ఆరు నెలలకే నా నడుము ఆకారంలో అచ్చు పడిపోయింది. అప్పటి నుంచి వంటింటి త్రాసు వెంట తీసుకువెళుతున్నాను. అడుగు పొడవు, అడుగు వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న ముక్క 40 డెన్సిటీ అయితే 375 గ్రాముల దరిదాపుల్లో, 32 డెన్సిటీ అయితే 300 గ్రాముల దరిదాపుల్లో తూగాలి. మొహమాటపడకుండా నమూనా ముక్క అడిగి తూచండి. దుకాణదారు నవ్వితే నవ్వనివ్వండి.

కొలత ఇచ్చేటప్పుడు టేపు ఒక్కటే నమ్ముకోవద్దు. పాత దినపత్రికలు అతికించి, వ్యాను లోపల బల్ల మీద పరిచి, చక్రాల గూళ్ళ వంపులతో సహా కత్తిరించి ఆ కాగితాన్నే దుకాణానికి తీసుకువెళ్ళండి. ఫోమ్ కత్తిరించేవాడు దాన్ని పైన పెట్టి గీత గీసుకుంటాడు. కాగితం కంటే ప్రతి అంచునా పావు అంగుళం తక్కువ ఉంటే పరుపు తేలిగ్గా దిగుతుంది, పక్కల గాలి కూడా ఆడుతుంది. వెడల్పు ఎక్కువ ఉన్న వైపు తలలు పెట్టుకోండి. భుజాలకు చోటు కావాలి, 43 అంగుళాలు కాళ్ళకు సరిపోతాయి. పగలు కూర్చోవడానికి మడిచేలా అడ్డంగా కూడా ముక్కలు చేయించాలనుకుంటే ఆ అతుకు తుంటి కిందో భుజం కిందో రాకుండా, మోకాళ్ళకు కాస్త పైన వచ్చేలా చూసుకోండి.

పక్క దుప్పటి విషయంలో ఎలాస్టిక్ ఉన్నది మంచిదే కానీ, వ్యానులో మూలలకు చేయి అందదు, మోకాళ్ళ మీద పాకుతూ నాలుగో మూల తొడిగేసరికి మొదటి మూల ఊడుతుంది. మా ఆవిడ దుప్పటి నాలుగు మూలలకూ నాడాలు కుట్టి, పరుపు అడుగున ఎదురెదురు మూలలవి కలిపి ముడి వేస్తుంది. రాత్రి ఎంత దొర్లినా కదలదు. తలగడలకు బూరుగు దూది వాడండి. తేలిక, నీరు పీల్చదు, ఎండలో గంటసేపు వేసి తడితే మళ్ళీ పొంగుతుంది. కాకపోతే మనిషికి ఒకటికి మించి పెట్టుకోవద్దు, 74 అంగుళాల బల్ల మీద మీ వారి 70 అంగుళాలు పోగా మిగిలేది నాలుగే. పగటిపూట దుప్పట్లూ బొంతా పెట్టుకోవడానికి, పాతకాలంలో రైలు ప్రయాణాలకు వాడిన హోల్డాల్ మీ అటకమీద ఎక్కడైనా ఉంటే దింపండి. రెండు బెల్టులతో బిగించిన ఆ కాన్వాసు చుట్టను మించిన సామాను వ్యానులకు ఇంకా రాలేదు. గోడకు ఆనించి పెడితే వీపుకు ఆనుడు కూడా అవుతుంది. అయితే పొద్దున్న లేవగానే చుట్టేయకూడదు. పరుపు ఒక అంచు ఎత్తి కర్ర ఆనించి, దుప్పట్లు తలుపు మీద వేసి, మంచు విడిచి ఎండ ఎక్కాకనే చుట్టాలి. టిఫిను చేసేంత సేపు చాలు.

తేమ తగ్గాలంటే గాలి ఆడాలి. చలి అని అద్దాలన్నీ బిగించుకుంటే చలి తగ్గదు, తడి పెరుగుతుంది. ఎదురెదురుగా ఉన్న రెండు అద్దాలు అంగుళం చొప్పున దించి, బయటి వైపు దోమతెర గుడ్డను అయస్కాంతాలతో అతికించండి. ఏజెన్సీ ప్రాంతం మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి దోమతెరను శీతాకాలంలో కూడా తీయవద్దు. మూసిన వ్యానులో దోమల చుట్ట వెలిగించడం, వెచ్చదనానికి బొగ్గుల కుంపటి పెట్టుకోవడం, ఏసీ కోసమో హీటరు కోసమో ఇంజను నడుస్తుండగా నిద్రపోవడం, ఈ మూడూ ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. కుంపటి నుంచీ ఇంజను నుంచీ వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్న మనిషికి అది తెలియనే తెలియదు. చలి భరించలేకపోతే వేడినీళ్ళ రబ్బరు సంచిని పడుకునే పది నిమిషాల ముందు మీ బొంతలో, మీ వైపు మాత్రమే, పాదాల దగ్గర పెట్టండి.

ఇంకొక చిన్న సంగతి, పెద్దవాళ్ళు వింటే కోప్పడవచ్చు. ఉత్తరానికి తల పెట్టకూడదన్న నియమం ఇంట్లో పాటించండి, ఘాట్ రోడ్డు పక్కన మాత్రం వాలును చూడండి. తల పల్లానికి ఉంటే తెల్లారేసరికి తలనొప్పి ఖాయం, వాలు పక్కకు ఉంటే బరువైన మనిషి తేలికైన మనిషి మీదికి జారుతారు. మీరు తల పెట్టే వైపు బండి కొద్దిగా ఎత్తుకు ఉండేలా నిలపండి, పక్కవాలు తప్పకపోతే మీ వారిని పల్లం వైపు పడుకోమనండి. తలుపు వైపు మాత్రం రాత్రి ఎవరు ఎక్కువసార్లు లేస్తారో వారే పడుకోవాలి. మా వయసులో ఆ ఎంపికకు పోటీ ఉంటుంది.

ఇవన్నీ కొనేముందు ఒక రాత్రి మీ సీతమ్మధార ఇంటి ముందే బండి నిలుపుకుని, ఇంట్లో ఉన్న బొంతలూ దుప్పట్లతోనే పడుకుని చూడండి. మరో రాత్రి అరకులో అలాగే చేయండి. పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకుని, ఎవరు ఏ గంటకు ఏది తీసేశారో, ఏది లాక్కున్నారో రాసుకోండి. దుకాణానికి వెళ్ళేటప్పుడు ఆ కాగితమూ, దినపత్రికల నమూనా, వంటింటి త్రాసూ ఒకే సంచిలో పెట్టుకోండి, మీ వారిని కూడా తప్పక తీసుకువెళ్ళండి, ఎందుకంటే రీబాండెడ్ ముక్క మీద పడుకుని చూడవలసింది ఆయనే.